ఆదివారం దాకా ఆగాల్సిన పుండు

బోగోలులో జయరామయ్య ఇంటి వరండా. ఆయన పిక్క మీది కట్టు మార్చడానికి నర్సు ఎలిశబెతు వచ్చింది.

"కదలొద్దు సార్. ఈ పట్టీ మూల ఎందుకు లేచింది? మళ్లా పీకినారా?"

"నేనెందుకు పీకతా ఎలిశబెతమ్మా! మా వియ్యంకుడు చూడ్డానికొచ్చినాడు. యాపిల్స్ తెచ్చినాడు. అంత ఖర్చు పెట్టినోడికి ఉత్త కట్టు చూపించి పంపిస్తామా?"

"మరి నిన్న?"

"నిన్న ఎదురింటోళ్లు. వాళ్లు అరటిపండ్లే తెచ్చినారు. సగమే తెరిచినా."

"సార్, ఇది హైడ్రోజెల్ పట్టీ. లోపల తడిగా ఉంటేనే గుంత అడుగు నుంచి కండ పూడతాది. ఎండబెట్టేదానికి ఇదేమన్నా వడియమా? అసలే మీకు షుగరు. చీము పట్టిందంటే కాలే తీసేస్తారు."

"తియ్యనీ. ఆదివారం దాకా మాత్రం పుండు మానకూడదు."

"ఏముంది ఆదివారం?"

"మా తోడల్లుడు విజయభాస్కర్ కూతురి నిశ్చితార్థం. మా రెండిళ్ల నడిమి గోడ మీద గాజుపెంకులు గుచ్చింది వాడే గదా! స్టేజీ ఎక్కతా. అక్షింతలేస్తా. మగపెళ్లోళ్ల ముందర పంచె మోకాలి దాకా ఎత్తతా. అంతే. నోరు విప్పను."

"గోడెక్కింది మీరే గదా సార్?"

"ఎక్కలా. వాళ్ల మునక్కాయ ఇటు చూస్తా ఉంటే, నేను అటు చూసినా."

"కాలితోనా?"

"నువ్వు... నువ్వు కట్టు చూడమ్మా. కాలు తెగిన పొద్దే ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టినా. వాడేం చేసినాడో తెలుసా? లైకు కొట్టినాడు! పుండుకి లైకు!"

"సరే, తెరిచినా. చూసుకోండి."

"ఏదీ... గుంతేదీ? ఇదేంది, పసిబిడ్డ బుగ్గ మాదిరుండాది!"

"పూడింది సార్. మీరెంత పీకినా పూడింది. ఆదివారానికి పైతోలు గూడా వచ్చేస్తాది."

"కొంప ముంచినావు గదమ్మా! పాతకాలం మాదిరి దూదీ గాజుగుడ్డా కట్టుంటే ఈ పాటికి ఎంత బాగుండేది! ఈ మాయదారి పట్టీలు యాడివి?"

"ఇదో, కొత్తది అతికించేసినా. ఇవి నెల్లూరు నుంచి వస్తా ఉండాయి."

"వాటికవే వస్తా ఉండాయా? ఎవరు తెస్తా ఉండారు?"

"చెప్పొద్దన్నారు సార్."

"ఎవరమ్మా?"

"విజయభాస్కర్ సారే. ఎట్టయినా ఆదివారం లోపల మాన్పించమని..."

"పీకెయ్! ఇప్పుడే పీకెయ్ దాన్ని!"

"మీరు పీకమంటారని గూడా చెప్పినారు సార్. అందుకే ఇంకో పెట్టె పంపించినారు."