ఇద్దరి ఒడి నింపిన నాడు

"నాయినమ్మా, స్వరూపత్తకు ఒడిబియ్యం పోసిన నాడు ఏమైందే? నేను పరీక్షలని హాస్టల్లనే ఉంటి. అమ్మనడిగితె మీ నాయినమ్మనే అడుగు పో అని నవ్వుతది."

అగో, గిదా నువ్వడిగేది! ఇంకేందో అనుకున్న. ఆ ఫోను నా మొఖం ముంగట బెట్టకే, దాన్ని సూస్తె మాట రాదు నాకు. గాడ మంచం మీద బెట్టు. ఆఁ, గట్ల. ఎక్కుతున్నదా నా మాట? ఎక్కనియ్యి. డెబ్బై రెండో మూడో ఉన్నయి నాకు, ఇంక ఎవలకు బయపడాలె?

నీకు ఎరికైన ముచ్చటే గాని, మొదట్నించి సెప్పకుంటె నాకు తోవ దొరకది. నాకు ముగ్గురు. పెద్దది పద్మ, మీ పెద్దత్త, సూర్యాపేటల ఇచ్చినం. నడిమిది స్వరూప. సిన్నోడు మీ నాయిన. మీ తాత ఉన్నప్పుడు గీ మిర్యాలగూడ గాదు, నేరేడుచర్ల కాడ ఉంటిమి. నాట్ల ముఠాకు నేనే పెద్దను, ఇరవై మంది ఆడోళ్ళు నా ఎనుక. కాలువకు నీళ్ళిడిసిన్రంటె ఇగ ఇంటి మొఖం సూసుడే లేదు. గప్పుడు కూలెంతనుకున్నవ్? పది రూపాలు. పదో పన్నెండో... పదే. పన్నెండు ఎనుక అయింది, నేనే కొట్లాడి పెంపిచ్చిన. నా నోరు గసుంటిది మరి. రైతులు నన్ను సూస్తె తోవ మార్సేటోళ్ళు.

గా కోపమే నా కొంప ముంచింది. స్వరూప మంచిగ సదువుకున్నది, కోదాడల బడి పిల్లలకు లెక్కలు సెప్పే నౌకరి దొరికింది. సంబందాల మీద సంబందాలు వస్తున్నయి, ఇది వద్దంటె వద్దంటున్నది. ఒకనాడు బస్సు దిగి ఇంటికి గూడ పోకుండ సక్కగ పొలం కాడికొచ్చింది. నేను మోకాళ్ళ లోతు బురదల ఉన్న. గెట్టు మీద కూసొని మెల్లగ, "అమ్మా, నాకు మొగోళ్ళ మీద మనసు పోదే. ఎప్పుడు పోలే. నేను విమలతోని ఉంట. నువ్వు నాయినతోని ఎట్లున్నవో గట్లనే ఉంటం" అన్నది. విమలంటె తిరుమలగిరి పిల్ల, కోదాడల ఇంజనీరింగు కాలేజీ ఆఫీసుల పని సేస్తది. అప్పటికి రెండు మాట్ల మా ఇంటికొచ్చి నా సేతి బువ్వ తిన్నది గూడ.

నేనేం జేసిన? సేతుల నారు కట్ట ఉండె. ఇసిరి కొట్టిన. సక్కగ మొఖానికి తాకింది బిడ్డకు. కట్టుకున్న సీరంత బురద. ముఠా ఆడోళ్ళందరు నడుము లేపి సూసిన్రు. అది ఏడ్వలే, తిట్టలే. మొఖం తుడుసుకున్నది, గా కట్ట ఏరి నా ఎనుక బెట్టింది, బస్సెక్కి పోయింది. గా నారు నేను మల్ల నాటిన సూడు, గది ఇప్పటికి నా మనసుల గుచ్చుకుంటది.

అయినా అది రాకుండ ఉండలేదే. గదే, గదే సెప్తున్న. కొట్టిన తల్లి కాడికి పండుగకు వచ్చింది, మీ తాత సచ్చిపోతె ముందుగాల వచ్చింది, నాకు జరమొస్తె వచ్చింది. నా బిడ్డకు నేను దండం పెట్టాలె. అది అలిగి దూరం పోయి ఉంటె నా బతుకేమైతుండె?

ఒడిబియ్యం సంగతి సెప్తున్న గద. పెండ్లైన ఆడిబిడ్డను మూడేండ్లకో అయిదేండ్లకో పిలిసి, అల్లుణ్ణి పక్కకు కూసోబెట్టి, పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రైక గుడ్డ ఒడిల పోస్తం. తల్లిగారిల్లు ఇంకా నీదే బిడ్డా అని సెప్పినట్టు. పద్మకు ఎన్ని మాట్ల పోసినమో లెక్క లేదు. ప్రతిసారి ముందటి రోజే స్వరూప కోదాడకెల్లి వచ్చి బియ్యంల పసుపు, నూనె కలిపేది. ఎవలు కలిపినా ముద్దలు కడతది గాని, దాని సెయ్యి పడితె గింజ గింజకు పసుపు పట్టేది. కలిపేది ఇది, పోపిచ్చుకునేది అది. నాకు గది తప్పని గూడ తోచలే. మొగుడు లేనిదానికి ఒడిబియ్యమేంది అనుకునేదాన్ని. ఎవలన్న అడిగితె, "దాని జాతకంల దోషమున్నది, అందుకే పెండ్లి సెయ్యలే" అని అబద్దం గూడ ఆడిన. థూ!

ఒక మాటు విమల గూడ వచ్చింది దానెంట. ఫొటోలు దీసే పిలగాడు అందరిని నిలవెడుతున్నడు. నేను పోయి, "నువ్వు జర అవుతలుండు బిడ్డా, ఫొటోల పడుతవ్" అన్న. పాపం, సరే పెద్దమ్మా అని బోరింగు కాడికి పోయి, నిన్నెత్తుకొని నిలవడ్డది. నువ్వు గప్పుడు మూడేండ్ల దానివి. నీకు యాదికుండది.

ఇగ అయిదారేండ్ల కింద స్వరూపకు కడుపుల గడ్డ అయింది. జల్ది ఆపరేషన్ జెయ్యాలన్నరట. విమల కోదాడ దవాఖానకు తీసుకపోయింది, పైసలు కట్టింది, అంతా జేసింది. కాయిదం మీద సంతకం కాడికొచ్చేసరికి, "నువ్వు రోగికి ఏమైతవ్?" అని అడిగిన్రట. ఏమని సెప్తది? గన్నేండ్లు ఒక్క సూరు కింద ఉన్నరు, ఒకలది ఒకలు తిన్నరు, గాని కాయిదం మీద రాసేతందుకు మాట లేదాయె. సొంతోళ్ళు రావాలె అన్నరు. మీ నాయిన, నేను హుజూర్‌నగర్ మీదికెళ్ళి బస్సుల పోయేసరికి పగటాల అయింది. అప్పటిదాంక నా బిడ్డ నొప్పితోనే ఉన్నది. నేను ఏలిముద్ర ఏస్తె సెల్లింది. సదువు రాని నా ఏలు సెల్లింది, సదువుకున్న విమల సంతకం సెల్లలే. గిదేం న్యాయమే? నువ్వు డిగ్రీ సదువుతున్నవ్ గద, నువ్వు సెప్పు.

పదిహేను రోజులు గాడనే ఉన్న. విమల దానికి తల దువ్వుడు, గంజి తాపిచ్చుడు, అది ఇసుక్కుంటె ఇది నవ్వుడు, అంతా సూసిన. మీ తాత నన్ను ఒక్కనాడు గట్ల సూసుకోలే. నవ్వకు, నిజమే సెప్తున్న. అయితె ఒకటి ఇను. అది సేవ జేసింది, అందుకని నేను మెత్తవడ్డ అని అనుకోకు. సేవ జెయ్యకపోయినా అది నా బిడ్డ మెచ్చిన మనిషి. మీ పెద్దత్త మొగడు నాకు ఏనాడన్న మంచినీళ్ళిచ్చిండా? అయినా అల్లుడని పీట ఎయ్యలే?

గంతల్నే విమల తల్లి సచ్చిపోయింది. తిరుమలగిరికి ఉరికింది ఇది. అన్నలు గడప తొక్కనియ్యలేదట. నువ్వెవల్తోనో ఉంటున్నవ్, మాకు సెల్లె లేదు పో అన్నరట. దూరంకెళ్ళి మొక్కి వచ్చింది. స్వరూప ఫోన్ జేసి, "అమ్మా, విమలకు ఇగ తల్లిగారిల్లు లేకుంటైందే" అని ఎక్కెక్కి ఏడ్సింది. నారు కట్టతోని కొడితె ఏడ్వంది, దాని కోసం ఏడ్సింది. నాకు గప్పుడు తగిలింది సూడు దెబ్బ. దానికి తల్లి సచ్చి తల్లిగారిల్లు పోయింది. నా బిడ్డకు తల్లి బతికుండంగనే లేదు గద! ఒక్కనాడు ఒడి నింపితినా?

తెల్లారంగనే మీ నాయిన్ని లేపి, "ఒడిబియ్యం పోస్తున్న, ఇద్దరికి" అన్న. వాడు కండ్లు నలుసుకొని, "రెండు సీరలైతె నేను తెస్తనమ్మా" అన్నడు. బంగారమసుంటి కొడుకు. పద్మ మాత్రం ఫోన్ల ఒంటికాలి మీద లేసింది. మా అత్తగారోళ్ళ ముంగట మా ఇజ్జత్ దీస్తున్నవ్, మొగుడెవడు పెండ్లామెవలు, పీట మీద ఎట్ల కూసుంటరు అని. పీటలు రెండున్నయి, మనుషులు ఇద్దరున్నరు, కూసుంటరు తియ్యి అన్న. రాను అన్నది. రాకు, నీకు పోసిన నాడు నీ సెల్లె బియ్యం కలిపింది, గది యాదుంచుకో అన్న. రాలే. ఇప్పటికి మాట్లాడతలేదు. దాని మీద గూడ నాకు పానమే గాని, ఏం జేస్త?

ఇంకో తిప్పలొచ్చింది. మొగుడు పోయినదాన్ని, నేను పోయొద్దంటరు. మీ అమ్మ పోయాలె. వాడకట్టు ఆడోళ్ళు నలుగురొచ్చి గోడకు ఆనుకొని నిలవడ్డరు, తమాషా సూస్తందుకు. మీ అమ్మ కవిత పసుపు బియ్యం పళ్ళెం తెచ్చి అందరి ముంగట నా సేతుల బెట్టి, "అత్తమ్మా, మీరు పోసినంక మేము పోస్తం" అన్నది. అబ్బ! కోడలు కాదే అది. ఇగ నేను ఆగుతనా? దోసిట్ల నిండ తీసి స్వరూప ఒడిల పోసిన, విమల ఒడిల పోసిన. ఎనుక మీ అమ్మ పోసింది. గోడకు ఆనుకున్నోళ్ళల్ల ఇద్దరు ముందుకొచ్చి పోసిన్రు. ఇంకిద్దరు పోయిన్రు, పోనియ్యి.

పోసుడైనంక ఆడిబిడ్డ అయిదు పిడికిళ్ళు తిరిగి తల్లిగారింట్ల ఇడువాలె. తల్లిగారిల్లు ఉత్తగ గావొద్దని. స్వరూప ఇడిసింది. విమలేమో ఒడి గట్టిగ పట్టుకొని గట్లనే కూసున్నది. ఇడువు బిడ్డా అన్న. అది నా మొఖం సూసి, "నేను గూడ ఇడువాలెనా? నాకు గూడ ఇది తల్లిగారిల్లేనా?" అని అడిగింది. "కాకపోతె పోస్తమా, పిచ్చిదానా" అని కసిరిన. కసిరిన గాని నేనే ఏడుస్తున్న. అయిదు పిడికిళ్ళు అనుకుంట ఎన్ని పోసిందో, సగం ఒడి ఖాళీ జేసింది. సాలు సాలు, మీ ఇంటికి ఏం తీసుకపోతవే అని మీ అమ్మ సెయ్యి పట్టి ఆపింది.

గా బియ్యం ఇంటికి తీసుకపోయి వండి నలుగుర్ని పిలిసి పెట్టాలె గద. నేను గూడ వాళ్ళెంట కోదాడ పోయిన. గా కిరాయింట్ల తొమ్మిదేండ్ల సంది ఉంటున్నరు, ఎవలన్న ఏమన్న అడుగుతరేమోనని ఒక్కనాడు ఒక్కల్ని బువ్వకు పిలువలేదట. పిలువుర్రి అన్న. విమల గడప గడపకు పోయి బొట్టు బెట్టి వచ్చింది. వంటయినంక సాపలు పరిసి ముగ్గురం తలుపు దిక్కు సూసుకుంట కూసున్నం. ఎవలు రారే. స్వరూప, "పోనీ అమ్మా, మనం తిందాం" అన్నది. గప్పుడు ఇంటి ఓనరామె వచ్చింది, దానెనుక కోడలు, దానెనుక పక్కింటోళ్ళు. ఓనరామెది మన యాస గాదు, గా అవుతలి దిక్కు మాట. కూసొని, "ఒడిబియ్యం ఎవరికి పోశారండీ పెద్దమ్మగారు?" అని అడిగింది. విమల సేతుల గంటె ఆగింది. నేను, "ఇద్దరికి పోసిన. ఇద్దరు కలిసి కాపురం జేస్తున్నరు, నా బిడ్డలు" అన్న. దాపెట్టలే. ఆమె జరసేపు ఇద్దర్ని మార్చి మార్చి సూసింది. "మాకు తెలుసండీ. వాళ్ళు ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాం" అన్నది. ఇగ సూడు, విమల నవ్వుడు, ఏడ్సుడు, ఆమె పళ్ళెంల పప్పు మీద పప్పు ఏసుడు.

దేవుడు నన్ను గిన్నేండ్లు ఎందుకు బతికిచ్చిండో అనుకునేదాన్ని. గీ ఒక్క పని నాతోని జేపిచ్చేతందుకే కావొచ్చు. నా బిడ్డకు ఓపిక ఇచ్చిండు, నాకు బుద్ది ఇచ్చిండు, జర లేటుగ.

ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవ్? రా, గీడ కూసో. ఇను. రేపు నీ మనసు ఎవల మీద పడుతదో నాకు తెల్వదు. పిలగాడో, పిల్లనో, ఏ కులపోళ్ళో, ఎవలో. నాకొచ్చి సెప్పు. ముందుగాల నాకే సెప్పు. స్వరూపను ఇరవై ఏండ్లు గడప బయట నిలవెట్టిన. నిన్ను ఒక్క గడియ నిలవెట్ట. సల్లగుండు బిడ్డా, నీకు నచ్చినోళ్ళతోని నిండుగ బతుకు...