ఊపినా ఊడని స్క్రూ

"నవ్వండి, నవ్వండి! వడ్రంగివాడికి పళ్ళ డాక్టరుతో ఏం పనంటే మాత్రం ఊరుకోను. ఇదిగో, నా మేనకోడలు పక్కనే ఉంది. దీని ఎత్తుపళ్ళు వెనక్కి లాగడానికి దవడ ఎముకలో బియ్యపు గింజంత స్క్రూ దించి, దానికి స్ప్రింగు తగిలించారు. ఆ స్క్రూ రెండుసార్లు దించితే రెండుసార్లూ వదులైపోయింది. మూడోది కూడా నిలవకపోతే ఇక నావల్ల కాదన్నాడు డాక్టరు. పిల్ల ఒకటే ఏడుపు. నాకు ఒళ్ళు మండిపోయింది!"

"నీకెందుకయ్యా మంట?" టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ అన్నాడు.

"మేనమామని కాదూ! తిన్నగా వెళ్ళి డాక్టరు బల్ల మీద చెయ్యేసి, 'ఎముక మందంగా ఉన్నచోట, కాస్త ఏటవాలుగా దించండి' అన్నాను. ఆయన లేచి నాకు కుర్చీ వేశాడు! మూడో స్క్రూ నేను చెప్పినట్టే దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున స్ప్రింగు తగిలిస్తే మధ్యాహ్నానికల్లా పళ్ళన్నీ బడిపిల్లల్లా వరుసలో నిలబడ్డాయి."

"మరి పిల్ల పళ్ళకి ఆ తీగలింకా ఎందుకున్నాయి?" అన్నాడు దర్జీ.

"అడ్డు రాకు! మొన్న మలుపులో లారీ బురదలో దిగబడిందా? తాడు ఓ కొస లారీకి, ఇంకో కొస దీని స్క్రూకి కట్టి, 'అమ్మాయ్, ఒక్కసారి ఆవులించు' అన్నాను. లారీ వచ్చింది, దాని వెనకాలే రోడ్డూ వచ్చింది, రోడ్డు చివర ఒరిగిపోయిన నీళ్ళ ట్యాంకు నిటారుగా నిలబడింది! స్క్రూ వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. రోజూ పొద్దున్నే వేలితో ఊపి చూస్తాగా! బిగించింది ఊపి చూడనివాడు వడ్రంగే కాదు."

మేనకోడలు గ్లాసు కింద పెట్టింది.

"మామయ్యా, మూడోది వేసింది నిన్న సాయంత్రం. మొదటి రెండూ నువ్వు రోజూ ఊపితేనే వదులయ్యాయి. ఎముకలో పట్టు దొరికేదాకా అసలు ముట్టుకోకూడదట. ఎవరైనా కదిపారా అని డాక్టరుగారు అడిగితే, నిన్ను తిడతారని బ్రష్షు తగిలిందన్నాను."

కొట్టంతా గొల్లున నవ్వింది. వడ్రంగి ముఖం కందిపోయింది. పిల్ల వైపు ఒకసారి చూసి, కుడిచెయ్యి జేబులో కుక్కుకున్నాడు.

"సరే! ఈ చెయ్యి బయటికి తీస్తే ఒట్టు! చెయ్యి కదపకుండా ఉండటంలో నన్ను మించినవాడెవడో రమ్మనండి!"

"ఎడంచెయ్యి కూడా పెట్టుకో, మామయ్యా" అంది పిల్ల.