సీటు ఎత్తు

తెల్లవారితే పద్నాలుగు మంది బృందంతో పన్నెండు రోజుల సైకిల్ యాత్రకు బయలుదేరాల్సిన చెల్లెలు, అన్నకి చెప్పి వెళ్దామని అతని సైకిల్ రిపేరు షాపుకి వచ్చింది. ఆమె కూర్చునేలోపే అన్న ఆమె సైకిల్‌ని స్టాండుకెక్కించి స్పానర్ అందుకున్నాడు.

“పోయినేడు రెండో రోజుకే మోకాళ్లు పట్టేశాయని ఏడుస్తూ ఫోన్ చేశావు. వ్యాన్ వేసుకుని వచ్చి తీసుకొచ్చాను. మళ్లీ ఎందుకమ్మా ఈ గోల?”

“ఈసారి ఫోన్ చేసినా రావద్దు. ఆ మాట చెప్పడానికే వచ్చాను.”

“యాభై రెండేళ్లొచ్చాయి. హాయిగా ఇంటిపట్టున ఉండకుండా ఇదేం పట్టుదల?”

“సగంలో వదిలేసి వచ్చిన దగ్గర్నుంచి ఆ రోడ్డే కళ్లలో మెదులుతోంది. చివరిదాకా తొక్కుతాను. అన్నయ్యా, సీటెందుకు దించుతున్నావు?”

“కాళ్లు నేలకి ఆనాలి. నీకు సైకిల్ నేర్పినప్పుడూ ఇలాగే దించాను. ఒక్కసారైనా పడ్డావా?”

“పడలేదు. పోయినేడూ నువ్వే దించావు. సీటు అంత కిందుంటే రోజంతా మోకాళ్లు ముడుచుకునే తొక్కాలి. అందుకే పట్టేశాయని మా బృందంలోవాళ్లు చెప్పారు.”

“తెలిసి కూడా ఏడాదిగా నాతో అనలేదేం?”

“ఊరందరి సైకిళ్లూ బాగుచేసేవాడివి. నీకేమని చెప్పను?”

అన్న స్పానర్‌ని గుడ్డతో తుడిచి, మళ్లీ సీటు బోల్టుకి తగిలించాడు.

“ఎంత ఎత్తాలి?”

“నాలుగు వేళ్లు.”

“ఊఁ, ఎక్కి చూడు. కాళ్లు ఆనుతున్నాయా?”

“లేదు.”

“అయితే వెళ్లు. ఫోన్ చేసినా రాను.”