జిలానీ బాషా విప్పని బూట్లు

“గుండె మీద చెయ్యి పెట్టుకొని చెప్పండి. బూటు కొనేటప్పుడు మీరు బూటును చూస్తారా, మీ కాలును చూసుకుంటారా?”

కువైట్‌లోని అర్దియాలో, టైర్ల షాపుల వెనక, అబ్దుల్ సలాం చాయ్ కాచే రేకుల పందిరి కింద, జిలానీ బాషా వేసిన ప్రశ్న ఇది. శుక్రవారం మధ్యాహ్నం, అందరికీ సెలవు. జిలానీది రాయచోటి, రిగ్గైలో ఒక బిల్డింగుకు కాపలా. బెంచీ మీద కాళ్ళు బారజాపుకొని కూచున్నాడు. ఆ కాళ్ళకు పిక్కల దాకా నల్లగా నిగనిగలాడే రబ్బరు బూట్లు. వాన లేదు, బురద లేదు. చాయ్ తాగడానికి ఆ బూట్లెందుకని ఎవరికైనా అనుమానం రావాలి. వచ్చింది కూడా.

ఎదుటి బెంచీ మీద గంగాధర. వాడి ఒళ్ళో పేపరులో చుట్టిన ఇంకో జత ఉంది, పాచిరంగుది, మూతి వెడల్పుది. మర్నాడు తెల్లవారుతూనే వాడు పికప్ బండెక్కి వఫ్రా తోటకు తిరిగి పోవాలి. పోయినసారి చెప్పులతో ఉప్పునీళ్ళ మడుల్లో నిలబడి రెండు పాదాలూ పగిలి రక్తాలు కారాయి. “ఈసారి మంచి బూట్లతో రా. మళ్ళీ కాళ్ళు పుండ్లయితే ఖలాస్, అంతే. వీసా ఇచ్చిన కఫీల్ నిన్ను ఊరికి పంపేస్తాడు” అని మేస్త్రీ తేల్చి చెప్పాడు. అందుకని సలాం అక్క ఖాతూన్ బీ నిన్న సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని పోయి ఆ జత ఇప్పించింది. ఇప్పుడు హవల్లీలో ఒక ఇంట్లో వండుతోంది గానీ, నాలుగేళ్ళు వఫ్రాలో కూలీలకు వంట చేసిన మనిషి. ఎంతమంది కాళ్ళు చూసిందో లెక్కలేదు.

“గంగాధరా, నీ మంచి కోరి చెప్తాండా,” అన్నాడు జిలానీ. “ఆ డబ్బా మూతి బూట్లు నాకిచ్చెయ్. నావి నువ్వు తీసుకో. మార్పిడి.”

“ఎందుకన్నా నా మీద అంత దయ?”

“అదే నేనూ అడగాలనుకుంటి,” అంది తమ్ముడి స్టవ్ పక్కన కూచున్న ఖాతూన్ బీ.

“ఖాతూన్ ఆపా, నువ్వు గమ్మునుండు. వీటి కథ వింటే నువ్వే ఇప్పిస్తావు. డెబ్బై ఎనిమిదిలో నేను వఫ్రాలో దోసమడులకు నీళ్ళు కడతాన్నప్పటి మాట. సూక్ బజార్లో బూట్లు కుప్ప పోసినారు, వంద జతలు. అందరూ నిగారింపు చూసి ఎత్తుకొని పోతాండారు. నేనట్ల కొంటానా? ఒక్కో బూటును చీలమండ కాడ మడిచి చూస్తి. మడత మీద తెల్లగీత పడిందంటే అది నెలకు పగుల్తాది. అడుగున గాడులు లోతుగా ఉండాయా అని వేలు పెట్టి చూస్తి. లోపల గుడ్డ అతికినారా, వట్టి రబ్బరేనా అని చెయ్యి దూర్చి చూస్తి. తొంభై తొమ్మిది జతలు పక్కన పారేసి ఈ జత తీస్తి!”

“ఇంతవరకు సరిగ్గానే చెప్పినావు,” అంది ఖాతూన్ బీ. “నీ నోట మొదట సరైన మాట వచ్చిందంటే దాని వెనక ఇంకేదో వస్తాండాదని అర్థం.”

సలాం గ్లాసు అందిస్తూ వంగి, జిలానీ బూటు అడుగు చూశాడు. “ఆరేళ్ళ నాటి బూట్లకు అంగడి చీటీ ఇంకా అంటుకొనే ఉండాదే?”

“అది చీటీ కాదు సలాం, నా కఫీల్ మెచ్చుకొని అంటించిన పతకం. ఎందుకు మెచ్చుకున్నాడో విను. ఆ ఏడు ఎండ ఎట్ల కాసిందంటే, రేకు మీద పిండి ముద్ద పెడితే రొట్టె కాలేది. తోటలో అందరి బూట్లూ కరిగి మట్టికి అతుక్కొని, మనుషులు వంకాయ మొక్కల మాదిరి యాడోళ్ళు ఆడనే నిలబడిపోయినారు. నా బూట్లలో మాత్రం చల్లన! ఎంత చల్లనంటే, కూలోళ్ళు నీళ్ళ సీసాలు తెచ్చి నా బూట్లలో దూర్చి చల్లార్చుకునేటోళ్ళు.”

“కాళ్ళు లోపల ఉండగానా?” అన్నాడు గంగాధర.

“కాళ్ళు రవ్వంత పక్కకు జరుపుతాంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు కుడి బూట్లోకి తేలు దూరె. నల్లతేలు, నా అరచెయ్యంత. కుట్టాలని కొండి లేపింది. లోపలి మెత్తదనం ఒంటికి తగిలిందో లేదో, కొండి దించి పండుకునింది. వారానికి పోయి పెండ్లాన్ని పిలుచుకొనొచ్చింది!”

“బూటు లోపల అది పండుకునిందని నీకెట్ల తెలిసె?”

“గురక, సలాం! రాత్రంతా గురక. తేళ్ళు ఏరి కోరి కాపురం పెట్టిన బూట్లు ఈ కువైట్‌లో ఇంకెవరికన్నా ఉండాయా?”

గంగాధర నవ్వాడు. కానీ వాడి కళ్ళు మాత్రం ఆ నల్లటి నిగనిగ మీదే ఉన్నాయి. ఒళ్ళో ఉన్న పాచిరంగు జత, వాడి గదిలోవాళ్ళు చూసి ‘ఎనుము కాళ్ళకు కొన్నావా’ అని ఎగతాళి చేసిన జత, మరీ మొరటుగా కనిపించడం మొదలుపెట్టింది. పేపరు విప్పి ఒకసారి చూసుకున్నాడు. అది ఖాతూన్ బీ కనిపెట్టింది, జిలానీ కూడా కనిపెట్టాడు. వెంటనే గొంతు పెంచాడు.

“నీళ్ళ ట్యాంకరు నా పాదం మీదికెక్కిన సంగతి చెప్పలేదు గదా! నిండు ట్యాంకరు. డ్రైవరు పఠాన్, దిగి నా కాళ్ళ కాడ కూచొని ఏడుస్తాండాడు. నేను వంగి చూసి, ‘ఏంది భాయ్, చీమ ఎక్కిందేమో అనుకుంటి’ అంటి. బూటుకు గీత పడలే. ట్యాంకరు టైరు ఢామ్మని పేలిపాయె. నమ్మకుంటే ఈ ముందర టైర్ల షాపోణ్ణి అడగండి!”

“ఈ పొద్దు శుక్రవారం, షాపు మూసినాడు.”

“మూసినాడు కాబట్టి బతికిపోయినావు సలాం, లేకుంటే సాక్ష్యం చెప్పి నీ నోరు మూసేటోడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలికాలం వాన. మూడు దినాలు ఏకధాటిగా. ఇసక యాడుందో నీళ్ళు యాడుండాయో తెలీదు. తోట మునిగె, షెడ్డు మునిగె, కఫీల్ కారు పైకప్పు మాత్రం కనపడతాండాది, దాని మీద కఫీల్ నిలబడి ‘యల్లా జిలానీ, యల్లా!’ అని అరుస్తాండాడు. నేనేం జేస్తి? నీళ్ళ మీద కాలు పెడితి. మునగలే! ఇంకో కాలు పెడితి. తేలె! కఫీల్‌ను భుజాన ఎక్కించుకుంటి, సంకకొక మేక, నెత్తిన పన్నెండు దోసకాయల పెట్టెలు. జారుకుంటా, జారుకుంటా, సముద్రంలో పడి ఫైలకా దీవి కాడ తేల్తి!”

“నీళ్ళ మీద నిలబడితివా?” గంగాధర నోరు తెరిచాడు.

“నిలబడేది ఏముంది, నడిస్తి! అక్కడ తీరం పోలీసాయన పడవలో అడ్డమొచ్చి, ‘ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, నీ ఇఖామా చూపిచ్చు’ అన్నాడు. చూపిస్తి. ‘ఇది నీది. సముద్రం దాటిన ఈ రెండు బూట్లవి యాడ?’ అన్నాడు. కఫీల్ ఆ వారమే కుడి దానికొకటి, ఎడమ దానికొకటి, రెండు ఇఖామాలు తీపించినాడు. ఫోటోలతో సహా! ఎడమది రవ్వంత నవ్వుతాండాది ఫోటోలో. అట్లాంటి బూట్లు, నాయనా, మూడేళ్ళు రాత్రీ పగలూ ఒక్క గడియ కూడా విప్పలే. ఖసమ్, ఒట్టు! విప్పబుద్ధి కాలే. అంత సుఖం. రా గంగాధరా, తీసుకునేటోడే వచ్చి కాలి నుంచి లాగాల. అదీ పద్ధతి.”

“ఎవరు పెట్టిన పద్ధతి?” అంది ఖాతూన్ బీ.

“పాతకాలం నుంచీ ఉండాది ఆపా.”

గంగాధర లేచాడు. తన జతను బెంచీ మీద పెట్టి జిలానీ వైపు రెండడుగులు వేశాడు.

“ఆగు గంగా,” అంది ఖాతూన్ బీ. “నిన్ను ఆపేది నేను కాదు, కాళ్ళు నీవి. ఈయన్ని ఒక్క మాట అడగనీ, తర్వాత నీ ఇష్టం. జిలానీ భాయ్, మూడేళ్ళు విప్పలేదంటివి. నమాజుకు ముందు వజూ చెయ్యాల, కాళ్ళు కడగాల. దినానికి ఐదుసార్లు. మూడేళ్ళు నువ్వు కాళ్ళు ఎట్ల కడిగితివి?”

జిలానీ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

“అది... తోలు మేజోళ్ళుంటే పైన తడిచెయ్యి తుడిస్తే చాలని మన పెద్దలే...”

“ఊళ్ళో ఉండేటోడికి దానికి ఒక్క దినమే గడువు. మూడేళ్ళు ఎవరూ ఇయ్యలేదు. నమాజు మానుకున్నానని చెప్పు, బూట్ల కథ నమ్ముతా. మానుకోలేదని చెప్పు, బూట్లు విప్పినావని నమ్ముతా. రెండిట్లో ఏది అబద్ధం?”

జిలానీ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు. అంతలో వీధి చివరి మసీదు నుంచి అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. సలాం స్టవ్ ఆపి టోపీ పెట్టుకున్నాడు. “లే, పోదాం. ఈ పొద్దు జుమ్మా నమాజులో కూడా నువ్వు కనపడలే.”

“మీరు పోండి. నేను... చాయ్ సామాను చూసుకుంటా.”

“గంగాధర ఉండాడు చూసుకోను. లే.”

జిలానీ లేవలేదు. లేవబోయి, పళ్ళు బిగబట్టి మళ్ళీ కూలబడ్డాడు. ఖాతూన్ బీ వంగి, ఆ బూటు అంచుకూ పిక్కకూ మధ్య చిటికెన వేలు పెట్టబోయింది. గోరు కూడా దూరలేదు. పైన పిక్క ఎర్రగా ఉబ్బి అంచు మీదికి పొంగి ఉంది.

“ఎప్పుడు తొడిగితివి?” అంది. ఈసారి గొంతులో వాదం లేదు.

“బుధవారం,” అన్నాడు జిలానీ, చాలా చిన్నగా. “బిల్డింగు ట్యాంకు కడగాలని. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సూక్‌కు పోయి, వట్టి కాళ్ళతో తొడిగి చూసి, భలే బిగువుగా కూచున్నాయే అని కొంటి. మధ్యాహ్నానికి నీళ్ళు లోపలికి పోయె, కాళ్ళు ఉబ్బె. రెండు రాత్రులు వీటితోనే పండుకుంటి ఆపా. నవ్వుతారని ఎవరికీ చెప్పలే.”

“ఆ బూట్లను ఇంకొకడికి తగిలిద్దామనుకున్నావు.”

“తగిలియ్యాలని కాదు. లాగి ఊడదీస్తాడని.”

గంగాధర వెనక్కి తిరిగి బెంచీ దగ్గరికి పోయాడు. జేబులోంచి మందం మేజోళ్ళు తీసి తొడుక్కొని, పాచిరంగు బూట్లలో కాళ్ళు పెట్టాడు. పందిరి చుట్టూ ఒకసారి నడిచాడు. మడమ జారలేదు, వేళ్ళు ముందు తగల్లేదు. మడమను బెంచీ కాలికి ఆనించి ఒక్క దులుపు దులిపితే బూటు దానంతటదే ఊడి కింద పడింది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకెవరికీ ఇచ్చేలా కనపడలేదు.

“ఎనుము కాళ్ళకు సరిపోయినాయక్కా,” అన్నాడు ఖాతూన్ బీతో.

అజాన్ అయిపోయింది. వీధిలో జనం బిరబిరా పోతున్నారు. జిలానీ బాషా రెండు చేతులతో బెంచీని గట్టిగా పట్టుకుని, రెండు కాళ్ళూ ముందుకు చాపి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇంగ చూస్తా నిలబడద్దండబ్బా! గంగాధరా, నువ్వు ఎడమది పట్టు. సలాం, టోపీ తీసి నువ్వు కుడిది పట్టు. ఆపా, సబ్బునీళ్ళు పొయ్. నమాజుకు జమాత్ నిలబడే లోపల, నేను ఎంత అరిచినా వినకుండా, లాగండి!”