వైరస్ — ముట్టుకోవద్దు

హలో… ఆ, నేనేలే బావా, మహాలక్ష్మిని. పెళ్లాం నెంబరు చూసి కూడా ఎవరని అడుగుతావేంది?

మార్కాపురంలోనే ఉండావా?… పలకలు లారీకి ఎక్కించినారా?… సగమేనా? సరే, పగలకుండా చూడు గానీ, ఒక్క నిమిషం పక్కకు రా. పదిన్నరయింది. పదకొండుకు నా డిగ్రీ ఎకనామిక్స్ పరీక్ష. కంప్యూటర్ ముందరే కూర్చోనుండా.

చదివినాలే… చదువు కాదయ్యా బాధ. పరీక్ష యాప్ దిగడంలే. జాగా లేదంటాంది… ఇంట్లో కాదు, కంప్యూటర్‌లో! రాసేంతసేపూ మన మొహం వీడియో తీస్తాదంట, దానికి ఇరవై జీబీ ఖాళీ ఉండాలంట. మన దాంట్లో చూస్తే ఎర్ర గీత.

ఆ, నువ్వు చెప్పినవన్నీ చేసినా. పాప పుట్టెంట్రుకల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి తీసేసినా. నీ సినిమాలు కూడా తీసేసినా… రెండూ!… ఏడుస్తావేంది, చూసినవే గదా!… అంతా చేస్తే మూడు జీబీ వచ్చింది.

అందుకే, అసలు జాగా తినేది ఏదో ఎతికినా. ఒక ఫోల్డర్ కనపడింది. పేరు చదువుతా, ఇను. ‘వైరస్ — ముట్టుకోవద్దు.’

హలో?… బావా?… సిగ్నల్ ఉండాదిలే, నీ గుండే ఆగినట్టుంది.

ముట్టుకుంటే ఏమైతాది?… పేలుతాదా! అబ్బో. నేను ముట్టుకోని పది నిమిషాలైంది, ఇంకా పేలలేదే.

లోపల ముప్పై ఒక్క వైరస్‌లు ఉండాయి. అన్నిటికీ తేదీలు వేసినావు, శానా ఓపిక నీకు. ఒక్కొక్కటి నాలుగు జీబీ. ఒకటి నొక్కి చూసినా… ఏముందో నీకు తెలీదా? ఉండు, ఫోన్ స్పీకర్ దగ్గర పెడతా…

…ఇన్నావా? గొర్రెల మందను ఎవరో అదిలిస్తా ఉన్నట్టు లేదూ? అది నేను. నా గురక!… కట్టుకున్నదాని గురక రికార్డు చేస్తావా?… రుజువా? ఎవరికి రుజువు?

ఓహో… పామూరులో వదిన ఇంట్లో నేను అందరి ముందర ‘మా ఆయన గురకకు గోడకున్న క్యాలెండర్ ఊగుతాది’ అన్నా, అందుకా? ఆర్నెల్లాయ గదయ్యా! అప్పటినుంచీ మనసులో పెట్టుకోని… ఏంది? ఆదివారం వాళ్ల కొత్తింట్లో వినిపిద్దామనుకున్నావా? భోజనాల కాడ?

బాగుంది. వీటిలో ఒక్కటన్నా కడదాకా ఇన్నావా నువ్వు?… లే గదా. నేను ఇన్నా. ముందుకు జరిపి జరిపి ఇన్నా. నువ్వు రికార్డింగు మీట నొక్కి, వచ్చి నా పక్కన పడుకుంటివి. మరి ఆపేదెవరు? తెల్లారేదాకా తిరిగింది. అందుకే నాలుగు జీబీ! మొదటి పది నిమిషాలు నేను. ఆ పైన… ఇదిగో, ఇను…

…నవ్వొద్దు, అది నువ్వే! లోడు లారీ దోర్నాల ఘాటు రోడ్డు ఎక్కుతా గేరు మార్చినట్టు లేదూ?… నేనా? నా గొంతు అంత లావుగా ఉంటాదా? మధ్యలో ‘పలకలు నలభై డజన్లు’ అని కూడా అన్నావు. అదీ నేనేనా?

…ఆ. ఇప్పుడు ఒప్పుకుంటివి.

సరే, టైము లేదు. మొత్తం తీసేస్తా ఉండా… నీ రుజువు నీకే చుట్టుకుంది గదా, ఇంకెందుకు?… ఇదో, తీసేసినా.

అదేంది, జాగా పెరగలే!… చెత్తబుట్టలో ఉంటాయా?… మన వాకిలి మాదిరే ఉందే, ఎంత ఊడ్చినా చెత్త ఆడనే. సరే, బుట్ట కూడా ఖాళీ చేస్తా—

అబ్బా, ఎందుకట్ల అరుస్తావు!… ఆగినా, ఆగినా. నొక్కలే.

ఒకటి ఉంచాలా?… ఏది?… ఫిబ్రవరి పన్నెండుదా? దాంట్లో ఏముంది?… నోటితో చెప్పొచ్చు గదా… ఇనాల్సిందేనా? పావుగంటే ఉండాది బావా!… ఆ రోజు నీకు నిద్ర పట్టలేదా… తొమ్మిదో నిమిషం కాడనా… సరే, బుట్టలోనుంచి ఎనక్కి తెచ్చినా. నొక్కినా.

గురక… గురకే గదా… ఆగింది.

…ఎవరు మాట్లాడేది? నేనా?

‘ధర పెరిగితే డిమాండ్ తగ్గుతాది’… అయ్యో, నిద్రలో పాఠం అప్పజెప్తా ఉండానా!… నువ్వు నవ్వుతా ఉంటే ఇనపడడంలే, ఉండు… ‘దీనికి మినహాయింపులు మూడు. ఒకటి, పేదోళ్లు కడుపు నింపుకొనే నాసిరకం సరుకు. రెండు, గొప్ప కోసం కొనే నగలు. మూడు…’

బావా. మూడోది కూడా చెప్పినా! ‘ముందు ముందు ఇంకా పెరుగుతాదని భయపడి ఇప్పుడే ఎగబడి కొనడం.’ మెలకువగా ఉన్నప్పుడు మూడోది ఒక్కసారన్నా గుర్తొచ్చిందా నాకు? పోయినేడు రాయలేక ఆడనే వదిలేస్తిని గదా. నాలుగు మార్కులతో తప్పితిని…

…దీంట్లో నీ గొంతు కూడా ఉండాది. గొణుగుతా ఉండావు… ‘అన్నీ వచ్చునే నీకు… ఉత్త భయమే… ఒత్తిగిలి పడుకో.’

…

ఉండానులే. లైన్‌లోనే ఉండా… ఏడ్వడంలే. జలుబు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలే?… చెప్తే గురక రికార్డింగుల సంగతి బయటపడతాదనా? నీ తెలివి తగలెయ్య!

సరే, ఆ ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసినా. తక్కినవి… పోయినాయి. బుట్ట ఖాళీ. ఎర్ర గీత పోయి నీలం గీత వచ్చింది. యాప్ దిగుతాంది… డెబ్బై… తొంభై… ఆ, తెరుచుకుంది!

పేరు కొట్టినా. కెమెరాకు మొహం చూపించమంటాంది. కండ్లు తుడుచుకోనీ… జలుబని చెప్తిని గదా!

ఇంక మాట్లాడొద్దు. పరీక్షకు కాపలా ఉండేటోళ్లు కెమెరాలో చూస్తా ఉంటారంట, పక్కచూపులు చూడగూడదంట… ఏంది? నిద్రపోయి రాయమంటావా, మూడోది బాగా గుర్తొస్తాదనా?

నవ్వించొద్దు బావా, తెర మీదికి ఎవరో వచ్చినాడు… మీసాలాయన… నన్నే చూస్తా ఉండాడు— పెట్టేస్తా ఉండా—