స్టేషన్ ముంగటి సాక్షి

మెదక్‌లో పోలీస్ స్టేషన్ ఎదురుగా ముదస్సిర్ చాయ్ హోటల్. లోపల ముదస్సిర్, అతని భార్య వజీరా, హెడ్ కానిస్టేబుల్ శశిధర్.

“కూసొని మాట్లాడుండ్రి సార్. నిలబడి పట్టుకపోతె మంచిగుండదు.”

“కూసోనీకి రాలే ముదస్సిర్. నిన్ను తీస్కపోనీకే ఒచ్చిన.”

“సమజైంది సార్. చాయ్‌ల చక్కెర తక్కువనే గద?”

“తక్కువనే. పదకొండింటికి వ్యాన్ ఒస్తది. సీదా హైదరాబాద్. ఆడికెళ్లి బర్మాకు పంపుతరో, ఇంకేడికి పంపుతరో నాకు తెల్వది.”

“శశన్నా, ఇన్నేండ్ల సంది ఈయన చేతి చాయ్ తాగుతున్నవ్. ఈయనది బర్మా అని ఇయ్యాల తెలిసిందా?”

“నాకు ఎప్పటిసందో తెలుసు చెల్లె. పై సార్లకు ఇయ్యాల తెలిసింది.”

“బర్మాల నాకెవ్వరున్నరు సార్? చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకొని ఉరికొచ్చిన. ఒక్కసారి కోర్టుకు తీస్కపోండ్రి. జడ్జి మేడంకు నా ముచ్చట సెప్పుకుంట. ఆ తర్వాత ఏడికి తోలినా పోత.”

“కోర్టు లేదు. వ్యానే.”

“ఎల్లుండి గంజాయి కేసుల నేనే సాక్షిని గద. బర్మా నుంచి మెదక్‌కు బస్సుంటదా సార్?”

“నన్ను పరేషాన్ చెయ్యకు. కోర్టు, గీర్టు, అవన్నీ మన దేశపోళ్లకు. ఇగో, అరెస్టు కాయితం నింపిన. ఒక్క సాక్షి సంతకం కావాలె, అంతే. చెల్లె, ఇంటోళ్లు పెట్టినా నడుస్తది.”

“నా మొగన్ని పట్టుకపోతున్నరని నేనే సంతకం పెట్టాల్నా? పెట్ట.”

“పెట్టకపోతె మానె. గల్లీల పెద్దమనిషి ఎవరన్న…”

“పిలువు, సూస్త.”

“పిలిచిన గద. మెడికల్ షాపు ప్రశాంత్ నన్ను సూడంగనే షట్టర్ దించిండు. రాహేలు టీచర్ ప్రార్థన ఉందన్నది. మంగళారం పొద్దుగాల ఏం ప్రార్థన?”

“ఒక్క సంతకం పెడితె ఏండ్లకేండ్లు కోర్టు సుట్టు తిరగాలె. ఎవరు పెడ్తరు సార్?”

“మరి ఎప్పుడూ పెట్టేదెవరు?”

“ఎప్పుడైనా నేనే గద.”

“ముదస్సిర్, వద్దు.”

“నేనేమన్లే సార్.”

“అనబోతున్నవ్.”

“సైకిళ్ల దొంగతనం, పేకాట, గంజాయి, అన్నిట్ల నేనే. మీరు స్టేషన్ కిటికీలకెళ్లి చప్పట్లు కొడ్తరు, నేను చేతులు తుడ్సుకుంట ఒస్త. ఇది గూడ నేనే పెడ్త.”

“నీ అరెస్టుకు నువ్వే సాక్షివా?”

“స్థానికుడు, పెద్దమనిషి అని ప్రతి కాయితంల మీరే రాస్తరు గద.”

“టైమెంతయింది చెల్లె?”

“పదిన్నర దాటింది శశన్నా.”

“పెట్టు. ఈడ.”

“సదివి పెడ్త సార్.”

“ఏనాడన్న సదివినవా?”

“ఏనాడన్న నన్ను పట్టుకున్నరా? జరా ఆగుండ్రి. ‘ఎందుకు పట్టుకున్నమో పట్టుబడిన మనిషికి చెప్పినం. వకీలును పెట్టుకోవచ్చని చెప్పినం. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందర నిలబెడతామని చెప్పినం.’ సెప్పలే గద సార్?”

“ఎవ్వరికీ సెప్పలే. అది అచ్చయే ఒస్తది.”

“ఇన్నేండ్లు సెప్పిండ్రని సంతకాలు పెట్టిన. ఒక్కసారన్న ఇంటె మంచిగుంటది.”

“నీకు వర్తించదంటున్న గద. నువ్వు ఈ దేశపోడివి కాదు.”

“పోయినేడు చర్చి సూడనీకొచ్చిన తెల్లోడు తాగి ఆటోను గుద్దిండు. వాడు ఈ దేశపోడా?”

“కాదు.”

“వానికి వకీలొచ్చిండు. జడ్జి ముంగట నిలబెట్టిండ్రు. సాక్షి సంతకం నాదే.”

“బిర్యానీ గూడ పెట్టిండ్రు శశన్నా. మా ప్లేట్లలనే. రెండు ప్లేట్లు ఇంక వాపస్ రాలే.”

“వాడు టూరిస్టు చెల్లె.”

“కాయితంల టూరిస్టు అని ఉందా సార్, మనిషి అని ఉందా?”

“మనిషి అనే ఉంది.”

“మరి నేను?”

“సంపుతున్నవ్ ముదస్సిర్.”

“నేను మనిషినా కాదా, అదొక్కటి సెప్పుండ్రి.”

“ఇంకో చాయ్ పొయ్యి.”

“పోస్త. ముందు సెప్పుండ్రి.”

“సెప్తె సంతకం పెడ్తవా?”

“సెప్తె సెప్పిండ్రని పెడ్త. సెప్పకుంటె సెప్పలేదని రాసి, దాని కింద పెడ్త.”

“సరే, ఇను. కాయితాలు లేకుండ ఈ దేశంల ఉంటున్నవని నిన్ను పట్టుకుంటున్న. వకీలును పెట్టుకోవచ్చు. ఇరవై నాలుగు గంటలల్ల మేజిస్ట్రేట్ ముంగట… ముంగట…”

“ఆగినవేంది శశన్నా?”

“గొంతుల పొడి బిస్కెట్ పడ్డది.”

“నువ్వు బిస్కెట్ తినలే.”

“నిలబెడ్త. మేజిస్ట్రేట్ ముంగట నిలబెడ్త. అయిపాయె.”

“మస్తు మంచిగ సెప్పిండ్రు సార్. ఇగో సంతకం. ఇగ మీరు సెప్పిన దానికి నేనే సాక్షిని. వ్యాన్ ఎక్కిస్తె, మాట తప్పిండ్రు అన్నదానికి గూడ నేనే సాక్షిని.”

“ఏడ్వకు. కాయితం తడుస్తది.”

“ఏడుస్తలేను సార్. పొయ్యి పొగ.”

“గ్యాస్ పొయ్యికి పొగేంది?”

“శశన్నా, నీ ఫోన్ మోగుతుంది.”

“హలో, సార్. దొరికిండు సార్… వ్యాన్ వద్దు సార్, తిప్పి పంపుండ్రి. కోర్టుకు తీస్కపోవాలె… లేదు సార్, నోటితోనే సెప్పిన, సాక్షి ఇన్నడు… ఈ ఊరోడే సార్, పెద్దమనిషి. మన కేసులన్నిట్ల ఈయనే. జడ్జి మేడం గూడ గుర్తుపడ్తరు… ఔ సార్, సాక్షిని గూడ తోల్కొస్త… రెండో బండి ఎందుకు సార్, ఇద్దరికి ఒక్క సీటు సాలు.”