ఎదురుబండి కోసం ఆగే చోట

సభకు పెద్దగా కూర్చుని, నా గురించి నాకే తెలియని మంచి మాటలు చెప్పిన మన డిప్యూటీ జనరల్ మేనేజర్ లక్ష్మీప్రసాద్ గారికి, నా చేతికింద పనిలో చేరి చివరికి నా నెత్తినెక్కిన మన భిలాయి ఆంధ్ర సంఘం కార్యదర్శి చిట్టిబాబుకి, రుఆబాంధా నుంచి, వైశాలి నగర్ నుంచి వచ్చిన పెద్దలకి, హథ్‌ఖోజ్ కార్ఖానాల్లో పని ముగించుకుని ఇంటికి కూడా వెళ్ళకుండా ఇటే వచ్చేసిన తమ్ముళ్ళకి, ముందు వరుసలో మా ఆవిడకి చెరోపక్కా కూర్చుని ఆమెను నా మాటలు విననివ్వకుండా కబుర్లు చెబుతున్న అక్కచెల్లెళ్ళకి, అందరికీ ఈ త్రినాథరావు నమస్కారాలు. (నవ్వులు)

పట్టాలు చేసే మన ఉక్కు కార్ఖానా రైల్ మిల్లులో మాట్లాడాలంటే అరవాలి. నాది బతుకంతా అరిచిన గొంతు. మైకు వద్దురా అంటే చిట్టిబాబు వినలేదు. కాబట్టి వెనకున్న భయ్యాలు చెవులు మూసుకున్నా నేనేమీ అనుకోను.

శాలువా కప్పారు, దండ వేశారు. మన మిల్లు ఆనవాయితీ ప్రకారం సూట్‌కేసు కూడా ఇచ్చారు. రిటైరైన ప్రతివాడికీ మనం సూట్‌కేసే ఎందుకిస్తామో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు, ఇవాళ నా చేతికి వచ్చాక అర్థమైంది. క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటితో చెప్పడానికి మొహమాటం కదా! (నవ్వులు) అయితే ఈ పెట్టెకి చక్రాలున్నాయి. మా ముందువాళ్ళకి ఇచ్చినవాటికి లేవు. కాలం మారింది.

పెట్టెతో ఊరుకోలేదు మీరు. మా ఇద్దరినీ ఏసీ మొదటి తరగతిలో పంపిస్తామన్నారు, అయిదు నక్షత్రాల హోటల్లో దింపుతామన్నారు. ఎక్కడికన్నది మాత్రం మా ఇష్టమట, ఈ వేదిక మీదే చెప్పాలట. అదుగో, చిట్టిబాబు కలం తీసుకుని నిలబడ్డాడు చూడండి. (సభలోంచి ఎవరో “సిమ్లా!” అని అరిచారు. “గోవా!” అని ఇంకొకరు. నవ్వులు) ఉండండి నాయనా, చెబుతాను. గోవా అన్నవాణ్ణి నేను గుర్తుపట్టాను, వాడి సంగతి వాళ్ళావిడతో తర్వాత మాట్లాడతాను.

లక్ష్మీప్రసాద్ గారు ఈమధ్యనే అలాంటి ప్రయాణం చేసి వచ్చారు. ఇందాక వారు చెబుతుంటే నేను కళ్ళప్పగించి విన్నాను. గదిలోకి అడుగుపెట్టేసరికి బల్లమీద పళ్ళబుట్ట ఉంటుందట. మీట నొక్కితే తెర తొలగి, మంచంమీద నుంచే సముద్రం కనిపిస్తుందట. ఈ కాలం ప్రయాణికుడికి ఊరు చేరడం ముఖ్యం కాదు, మనసుకి నచ్చినట్టు గడపడమే అసలైన విలాసం అన్నారు. సార్, ఆ మాట నాకు చాలా నచ్చింది. మనసుకి నచ్చినట్టు అంటే మా ఇద్దరికీ ఏమిటా అని అప్పట్నుంచీ ఈ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నాను. మీరు చెప్పిన మిగతా విషయాలు సరిగ్గా వినలేదు, క్షమించాలి. (నవ్వులు)

మన ప్రయాణాలెలాంటివో మీకు తెలియనిదేముంది. కొలిమి ఆగదు, మిల్లు ఆగదు, మనం మాత్రం సెలవు పెట్టి పార్వతీపురమో బొబ్బిలో వెళ్ళొస్తాం. బండి రాయపూర్ దాటకముందే, తిరిగి డ్యూటీలో చేరాల్సిన తేదీ వచ్చి మన పక్కన కూర్చుంటుంది. అక్కడ పెళ్ళి, ఇక్కడ పురుడు, ఇంకోచోట పంపకాల తగువు. అందరిళ్ళకీ వెళ్ళాలి, ఎవరింట్లో కాఫీ తాగకపోయినా కోపాలే. దారిలో ఒక చోటు బాగుందని ఆగినవాడు మనలో ఒక్కడున్నాడా? నేనైతే ఆగలేదు.

ఒక్కసారి మాత్రం ఆగబోయాను. అదీ బుద్ధి తక్కువై.

రైల్ మిల్లువాళ్ళకి ఒక జబ్బుంది, మన పిల్లలకి తెలియదు గనక చెబుతున్నాను. బండి ఎక్కడ ఆగినా మనవాడు టీ కోసం చూడడు, పక్క లైను పట్టా వంక చూస్తాడు. పట్టా నడుం మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి కదా, ఏ కార్ఖానాది, ఏ ఏడాదిది అని. అది చదివితేగాని తిన్నది అరగదు. రాయగడ దాటి కొండలు దిగుతుంటే ఒక చిన్న స్టేషనుంది. పేరు ఇప్పుడే చెప్పను. ఒంటి లైను కాబట్టి ఎదురుబండి ఉంటే మనది అక్కడ పక్కకి తప్పుకుని ఆగుతుంది. మా అమ్మాయి వాసవి అప్పటికి చంటిపిల్ల. బండి ఆగింది. కిటికీలోంచి చూస్తే పట్టామీద అక్షరాలు మట్టికొట్టుకుపోయి ఉన్నాయి. నేను ప్లాట్‌ఫారం లేని వైపు దిగాను. రుమాలుతో తుడిచాను. మనదే! నేను మిల్లులో చేరిన ఏడాదిదే! అది నా చేతిమీదుగానే వెళ్ళి ఉంటుందని వంగి దాన్ని నిమురుతున్నాను. ఇక్కడ బండి కదిలిపోయింది. (నవ్వులు)

నవ్వుతారేం, మీలో ఎంతమంది అలా దిగలేదు? సరే, పరిగెత్తాను. చెయ్యి కమ్మీకి అందింది గాని కాలు మెట్టుకి అందలేదు. అంతలో వెనకనుంచి ఎవరో నా నడుం పట్టి ఒక్క తోపు తోశారు. “ఎక్కీ బావూ, ఎక్కీ! ఇనప ముక్కని ముద్దెట్టుకోడానికి దిగినావేటి!” అని తిట్టు కూడా వినిపించింది. తిరిగి చూస్తే నెత్తిమీద సీతాఫలాల గంపతో ఒక మనిషి. ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చేత్తో నన్ను ఎక్కించింది. ఆవిడ పేరు నూకాలమ్మ.

తిరుగుప్రయాణంలో మళ్ళీ అక్కడ ఆగితే మా ఆవిడ కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి ఆమెను పిలిచింది. మా పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ దీదీ దగ్గర నేర్చుకుని చేసి, ఊళ్ళో పంచగా మిగిలిన ఠేఠరీలు, ఆ కారపు శనగపిండి చేగోడీలు, పొట్లం కట్టి ఇచ్చింది. నూకాలమ్మ ఆకులో చుట్టి సీతాఫలాలు ఇచ్చింది. అలా మొదలైంది. తర్వాత ఎప్పుడు వెళ్ళినా మేము ఊరికి తీసుకెళ్ళే సామాన్లలో ఆమె పొట్లం పైన ఉండేది. ఎవరి పెళ్ళికి వెళ్తున్నా సరే, మా ఆవిడ జోగమ్మ మాత్రం ఎదురుబండి రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేది. బండి ఆలస్యమైతే పెట్టెలో అందరూ విసుక్కునేవారు, ఈవిడ ఒక్కతే మొహం వెలిగించుకుని కిటికీ దగ్గరికి జరిగేది.

ఎన్ని కబుర్లు చెప్పుకోగలరు, సిగ్నలు పడేలోగా? అయినా వాళ్ళకి సరిపోయేవి. నూకాలమ్మ మా ఆవిణ్ణి “బిలాయమ్మా” అని పిలిచేది. “మీ ఊర్లో ఆకాశం రేత్రి పూట ఎర్రగా మండుతాదట, బయ్యమెయ్యదేటమ్మా?” అని అడిగింది ఒకసారి. ప్రతిసారీ చివర్న ఒకటే మాట: “ఓ పూట దిగమ్మా. అల్లదే మా ఇల్లు, ఆ గెడ్డ అవతల. అంబలి తాగి, గెడ్డలో కాళ్ళెట్టుకు కూకుని ఎల్దుగాని.” మా ఆవిడ ప్రతిసారీ “వచ్చేసారి, నూకాలమ్మా” అనేది. బండి కదిలేది. నాకు ఆ గెడ్డలో పారే నీళ్ళు కనిపించేవి, ఈవిడకి ఆ ఇల్లు కనిపించేది. 

చిట్టిబాబూ, మంచినీళ్ళు.

తర్వాత నేను ఆఫీసర్నయ్యాను. పరీక్ష రాసి, మీ అందరి దయవల్ల. అందరం కలిసి జిలేబీలు పంచుకున్నాం, గుర్తుందా? ఆఫీసరు ఏసీలో వెళ్ళవచ్చు. ఆ ఏడు మేము మొదటిసారి ఏసీ పెట్టె ఎక్కాం. అబ్బ, ఏం హాయండీ! తెల్లటి దుప్పట్లు, దిండ్లు, తెరలు, ధూళి లేదు, చప్పుడు లేదు. మా ఆవిడ దుప్పటి ముట్టుకుని చూసి మురిసిపోయింది. విలాసం అంటే నాకు విరోధం అనుకోకండి. ఆ సుఖం నాకు చాలా బాగుంది, నిజంగా బాగుంది.

తెల్లవారింది. కొండలు దిగాం. బండి ఆగింది. మన స్టేషనే.

ఏసీ పెట్టె అద్దాలు తెరుచుకోవు. రంగు అద్దాలు, లోపలివాళ్ళకి బయట పసుప్పచ్చగా కనిపిస్తుంది, బయటివాళ్ళకి లోపల ఏమీ కనిపించదు. నూకాలమ్మ గంపతో మా కిటికీ కిందనుంచే వెళ్తోంది. తల ఎత్తి అద్దం వంక చూసింది కూడా. మా ఆవిడ పొట్లం చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అద్దం మీద దబదబ బాదుతోంది. “నూకాలమ్మా! నేనూ, బిలాయమ్మనీ!” అని అరుస్తోంది. బయట ఆమె పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. మాకోసమే వెతుకుతోంది. మేమెప్పుడూ కూర్చునే ఊచల కిటికీల పెట్టెలు వెనకెక్కడో ఉన్నాయి, అటు నడిచి వెళ్ళిపోయింది, ఒక్కో కిటికీలోకీ తొంగి చూసుకుంటూ. నేను తలుపు దగ్గరికి పరిగెత్తాను. దారిలో దుప్పట్ల మూటలు, సామాన్లు. తలుపు తీసేసరికి బండి కదిలింది. నా ఈ గొంతుతో, మిల్లులో అరిచిన గొంతుతో అరిచాను. ఆమెకి చేరలేదు.

మా ఆవిడ ఆ పొట్లం విప్పలేదు. విజయనగరంలో ఎవరికీ పెట్టలేదు. అది మళ్ళీ భిలాయి వచ్చేసింది.

ఆ తర్వాత కూడా మేం వెళ్ళాం. ఊచల కిటికీ పెట్టెలోనే వెళ్ళాం. కాని ఎదురుబండి లేదు. మా బండి అక్కడ ఆగలేదు. స్టేషను ఇలా వచ్చి అలా వెళ్ళిపోయింది. ప్రతిసారీ అంతే. నేను చేసిన పట్టాల మీదే బండి అంత నున్నగా, అంత వేగంగా వెళ్ళిపోతుంటే నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. మా ఆవిడేమో “ఏటోనండీ, మనిసి ఉందో నేదో” అని ఒక్క మాట అని, కొంగుతో కిటికీ ఊచ తుడుస్తుంది.

అందుకని లక్ష్మీప్రసాద్ గారూ, చిట్టిబాబూ, మీ ప్రేమకి చేతులు జోడించి నా కోరిక చెబుతున్నాను. మాకు ఏసీ వద్దు. రాయపూర్ నుంచి పాసింజర్ బండికి టిక్కెట్లు కొనిపెట్టండి. అది ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగుతుంది, ఎదురుబండి ఉన్నా, లేకపోయినా. మనం ఎప్పుడూ ఎక్కలేదెందుకంటే దానికి రోజంతా పడుతుంది, మనకి రోజెక్కడుంది? ఇప్పుడు నాకుంది. తిరిగి వచ్చి చేరాల్సిన తేదీ లేకుండా నేను బండెక్కడం ఇదే మొదటిసారి. నాకు తెలిసిన విలాసం అది. మీరు ఎంత పెద్ద హోటల్లో దింపినా నాకు అంతకంటే ఎక్కువ ఇవ్వలేరు.

ఏ స్టేషను దాకా అంటావా చిట్టిబాబూ? చెవి ఇలా పెట్టు. (చిట్టిబాబు చెవిలో చెప్పారు. చిట్టిబాబు: “అక్కడ హోటల్ కాదు గదా అన్నా, టీ కొట్టు కూడా నేదు!” నవ్వులు) ఇదుగో, అందుకే మైకులో చెప్పలేదు. చెబితే మీరంతా సెలవులకి అక్కడే దిగిపోతారు.

జోగమ్మా, నీతో ముందుగా చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె ఉందో లేదో నాకూ తెలియదు. గెడ్డ అయితే ఉంటుంది. ఆమెతో అన్నేళ్ళు “వచ్చేసారి, వచ్చేసారి” అన్నావు. ఇదే ఆ వచ్చేసారి. రేపు బయలుదేరదామా?

(ముందు వరుసలో జోగమ్మ గారు లేచి నిలబడ్డారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత: “రేపేటండీ మీ తొందరా! పిండి కలిపి వండుకోవద్దేటి? ఠేఠరీలు నేకుండా ఏ మొగం పెట్టుకుని దిగుతాను? ఎల్లుండి ఎల్దాం.” నవ్వులు, చప్పట్లు)

విన్నారుగా. ఆఫీసరు హుకుం అయింది. ఈ సూట్‌కేసు ఇప్పుడు పనికొచ్చింది, దీన్నిండా ఠేఠరీలే. శాలువా కూడా తీసుకెళ్తాం, ఆ మనిషి ఉంటే ఆమెకి కప్పుతాను. నన్ను బండెక్కించిన చెయ్యి అది, మీరు నాకు చేసిన ఈ సన్మానంలో ఆమెకీ సగం వాటా ఉంది. ఆమె లేకపోతే ఇద్దరం గెడ్డలో కాళ్ళు పెట్టుకుని ఆ పూట అక్కడే కూర్చుంటాం. మా బండి వచ్చి వెళ్ళిపోయినా లేవం.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ, ఇన్నాళ్ళూ నాతో పనిచేసిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు. ఇక సెలవు.